నలభై రెండో రోజు

మాల ఇంకా మెడలోనే ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. అమ్మ ఫొటో కింద గచ్చు మీద కూర్చుని స్టీలు గ్లాసులో పాల మీద మీగడ కట్టడం చూస్తున్నాను. పొద్దున రైలు దిగి అందరం గుడికి వెళ్లాం, గురుస్వామి ఒక్కొక్కరినీ పిలిచి మంత్రం చెప్పి మాలలు తీశాడు, నా వంతు రాగానే ఇంటి దగ్గర తీయించుకుంటానని పక్కకు జరిగాను. ఇంట్లో ఎవరున్నారని ఆయన అడగలేదు, చూశాడంతే. తల్లి ఉన్నవాడికి తల్లి తీస్తుంది, లేనివాడికి గురుస్వామి తీస్తాడు, మా దగ్గర ఇది చిన్న పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. మా అమ్మ మాణిక్యమ్మ పోయి రెండేళ్లు కావస్తోంది. నా భార్య స్వరూప, కూతురు సుజన మార్చి నుంచి ఉప్పుగూడలో స్వరూప అక్క ఇంట్లో ఉంటున్నారు. నేను తాళం తీసి లోపలికి వస్తుంటే ఎదురింటి ఆండాలక్క గోడ మీది నుంచి చూసి, "స్వామీ, మాల తీయనీకి ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగింది. అడగాల్సిన మాట ఆమె అడిగేసింది. ఎవరూ లేరన్నాను. తీసిన మాల పాలల్లో వేయాలి కదా అని అప్పుడే కాచిన బర్రె పాలు గ్లాసులో తెచ్చి గడప మీద పెట్టి వెళ్లింది. నల్లబట్టల్లో ఉన్న మనిషికి తాకకుండా ఇవ్వడం ఆమె అలవాటు.

గుడి దగ్గర తీయించుకోకపోవడానికి కారణం భక్తి కాదు. పన్నెండేళ్ల అనుభవం. గుడి మెట్లు దిగి కుడివైపు రెండు వందల అడుగులు నడిస్తే వైన్స్, దాని పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూమ్. మాల తీసిన మెడలు అన్నీ ఒకే దిక్కు నడుస్తాయి. పొద్దున కూడా అంజన్ నడిచాడు. అంజన్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం, నాతోపాటే మాల వేస్తాడు, నాతోపాటే తీస్తాడు, మిగతా కార్యక్రమం కూడా నాతోపాటే. నేను పక్కకు జరగడం చూసి, "ఏంది నగేషన్నా, ఇంకో రెండు దినాలు స్వామిగనే ఉంటవా? ఐస్ కరుగుతది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఫోన్ గచ్చు మీద వణుకుతోంది. వాడే. ఎత్తలేదు. వణుకు ఆగింది. గ్లాసులో మీగడ మీద చిన్న ముడత పడింది.

నలభై ఒక్క రోజులు. పన్నెండు మాలలు. మొత్తం నాలుగు వందల తొంభై రెండు రోజులు. ఏడాదికి పైనే చుక్క ముట్టకుండా బతికిన మనిషిని. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో. నా దాణా దుకాణంలో తవుడు తూస్తూ చెప్పేవాణ్ణి, బస్తా ఎత్తుకునే హమాలీకి చెప్పేవాణ్ణి, స్వరూపకు ప్రతి కార్తీకంలోనూ చెప్పేవాణ్ణి. కావాలనుకుంటే మానగలను, చూస్తున్నావు కదా, ఇదుగో పదిహేనో రోజు, ఇరవై ఆరో రోజు. తెల్లవారకముందు చన్నీళ్లు పోసుకోవడం, చెప్పులు లేకుండా నడవడం, చాప మీద పడుకోవడం, ఒక పూట భిక్ష, ఒక్క రోజు కూడా తప్పలేదు. తాగుబోతు అయినవాడు ఇదంతా చేయగలడా? సరుకు నమ్మించడానికి గుప్పెడు తీసి చూపించినట్టు నలభై ఒక్క రోజులు తీసి చూపించేవాణ్ణి. బస్తా అడుగున ఏముందో అడిగినవాళ్లు లేరు. నేనూ చెయ్యి పెట్టి చూడలేదు.

నేను ఆ చెయ్యి పెట్టింది ఈ దీక్షలో, ఇరవయ్యో రోజున, అదీ ఎలుకల ఇంట్లో. గౌలిపురలో బర్రెలు తగ్గిపోయాయి, చాలామంది పాలవాళ్లు కొట్టాలు కూల్చి కిరాయి గదులు కట్టారు, తవుడు, పల్లి చెక్క అమ్ముకుంటే దుకాణం గడవదని నాలుగేళ్ల కింద కొత్త గిరాకీ వెతుక్కున్నాను. ఊరికి ఆ చివర ఒక పరిశోధన సంస్థ, అందులో జంతువులు ఉంచే భవనం. పంజరాల అడుగున పరవడానికి గింజ ఒలిచిన మక్క కంకుల బెండ్ల పొడి కావాలి. తడి ఉండకూడదు, దుమ్ము ఉండకూడదు, ఉంటే ఎలుకలు తుమ్ముతాయి. రెండుసార్లు జల్లెడ పట్టి ఇస్తాను. అక్కడ సరుకు చూసి తీసుకునేది బాలనర్సింహ, పంజరాలు కడిగేదీ సీసాలు మార్చేదీ అతనే. మొదట్లో మూడు బస్తాలు తడి వాసన వస్తున్నాయని వెనక్కి పంపాడు. అప్పటి నుంచి అతనంటే నాకు గౌరవం. ఆ రోజు లిఫ్ట్ పని చేయక బస్తాలు పైకి మోయిస్తుంటే, కాళ్లకు చెప్పులు లేని నన్ను చూసి, "స్వామీ, జర కూసోండ్రి, సీసాలు తూసి వస్త" అన్నాడు. నేను కూర్చోలేదు. తూకం అంటే నా కాళ్లు ఆగవు. తలుపు అద్దంలోంచి చూశాను. ఒక్కో పంజరానికి రెండు సీసాలు తలకిందులుగా పెట్టి ఉన్నాయి. అతను ఒక్కో సీసా తీసి చిన్న కాటా మీద పెట్టి, అంకె రాసుకుని, మళ్లీ తగిలిస్తున్నాడు. ఆవగింజ వేసినా అంకె కదిలే కాటా. నా కాటా మీద కిలో అటు ఇటు ఎవరూ పట్టించుకోరు.

"ఏముంటది సీసాల?" అని అడిగాను. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో నీళ్లు కలిపిన మందు అన్నాడు. ఏది కావాలంటే అది తాగుతాయట. నేను నవ్వాను. మా కన్నా మంచి బతుకు, ఎవరూ తిట్టరు అన్నాను. బాలనర్సింహ కూడా నవ్వాడు, కానీ చేతిలో పని ఆపలేదు. "కొన్ని వారాలు తాగనిస్తరు స్వామీ. ఆ తర్వాత మందు సీసా తీసేస్తం. ఉత్త నీళ్లే. రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మల్ల పెడ్తం." పెడితే ఏమవుతుందని అడిగాను. ఆ అడగడం ఎందుకు అడిగానో, అడగకుండా బస్తాలు దింపుకుని వచ్చేసి ఉంటే ఈ రోజు గుడి దగ్గరే మాల తీయించుకుని ఈ పాటికి మూడో గ్లాసులో ఉండేవాణ్ణి. "పెట్టిన మొదటి దినం చూడాలె స్వామీ. తీసేయక ముందు తాగినదాని కన్నా ఎక్కువ తాగుతయి. కొన్నయితే డబలు దగ్గరికి పోతయి. మూడు నాలుగు దినాలు గట్ల ఉండి మల్ల మెల్లగ పాత లెక్కకొస్తయి. ఇక్కడి సార్లు అదే సూస్తరు. ఎన్ని దినాలు ఆపితే ఎంత పెరుగుతది, ఎన్నిసార్లు ఆపితే ఏమైతది." మాటిమాటికీ తీసి పెడుతుంటే కొన్ని ఎలుకలు చేదు కలిపినా వదలకుండా తాగుతాయని కూడా చెప్పాడు. ఇంకో సంగతి చెప్పాడు, అది అప్పటి నుంచి నన్ను వదల్లేదు. సీసా తీసేసిన తరువాత కూడా ఎలుకలు ఆ మూలకే వెళ్లి, సీసా ముక్కు ఉండే ఖాళీ కంత దగ్గర వాసన చూస్తాయట. "మానేసిన ఎలుక ఒక్కటి గూడ లేదా?" అన్నాను. బాలనర్సింహ పెన్ను చెవి మీద పెట్టుకుని కొంచెం ఆలోచించాడు. "సీసా పెట్టనంత సేపు అన్నీ మానేసినయే గద స్వామీ" అన్నాడు.

ఎదురింటి బర్రె అరుస్తోంది. దూడను ఎక్కడో కట్టేసి ఉంటారు. గ్లాసులో పాలు చల్లబడ్డాయి. మాల పూసలు మెడకు అతుక్కుని ఉన్నాయి, రైల్లో రెండు రాత్రుల చెమట. వేరే వ్యాపారంలో ఉన్నవాడికైతే ఎలుకల మాట ఇంత తొందరగా ఎక్కేది కాదేమో. నాకు వెంటనే ఎక్కింది. ఒక ఏడాది లారీల సమ్మె జరిగి పద్దెనిమిది రోజులు పల్లి చెక్క రాలేదు. పాలవాళ్లు గడ్డి వేసి, కుడితి పోసి సర్దుకున్నారు. నాకు భయం వేసింది, అలవాటు పడిపోయారు, ఇంక కొనరు అని. లారీ దిగిన రోజు రోజుకు ఒక బస్తా తీసుకునేవాడు రెండు తీసుకున్నాడు. పొద్దున పదింటికి దుకాణం ఖాళీ. సరుకు ఆగిన రోజుల్లో గిరాకీ ఎక్కడికీ పోలేదు, తలుపు బయట నిలబడి ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. లాక్‌డౌన్‌లో వైన్సులు తెరిచిన రోజు ఎండలో తెల్ల ముగ్గు గీతల మీద నిలబడ్డ వరసలో నేనూ ఉన్నాను, నా ముందు బ్యాంకు మనిషి, వెనక మేస్త్రీ, అందరివీ ఒకటే కళ్లు, అప్పుడూ తెలుసు. తవుడు గురించి తెలిసింది, ఊరి జనం గురించి తెలిసింది, నా గురించి తెలియడానికి పంజరం కావాల్సి వచ్చింది.

ఆ రోజు తిరిగి వస్తూ ట్రాలీ ఆటోలో ఖాళీ గోనె సంచుల మీద కూర్చుని ఏడాది ఏడాదికీ లెక్క కట్టాను. మొదటి మాల వేసినప్పుడు సుజనకు మూడేళ్లు. అప్పుడు నాది ఆదివారం ఒక క్వార్టర్. మాల తీసిన రోజు హాఫ్. అది అక్కడే ఆగిందని అనుకున్నాను, కానీ సంక్రాంతి నాటికి ఆదివారంతోపాటు బుధవారం వచ్చి చేరింది. ఆ తరువాతి ఏడు మాల తీసిన రోజు ఫుల్‌లో సగం పైన. అయిదో మాల నాటికి రోజూ. బాలనర్సింహ ఎలుకలు నాలుగు రోజులకు పాత లెక్కకు వస్తాయి, నేను ఎప్పుడూ పూర్తిగా రాలేదు, ఒక మెట్టు పైనే ఆగేవాణ్ణి. అమ్మ పోయిన ఏడు మైల కనుక మాల వేయలేదు. ఆ చలికాలం రోజుకు ఎంతో అంతే తాగాను, పెరగలేదు. ఈ ముక్క దగ్గర ఆటోలో నాకు నవ్వు వచ్చింది. దేవుణ్ణి తప్పు పట్టడానికి లేదు. ఆయన నలభై ఒక్క రోజులు అడిగాడు, నేను ఇచ్చాను. నలభై రెండో రోజు గురించి ఆయన ఏమీ అడగలేదు కాబట్టి అది నాదే అనుకున్నాను. నలభై ఒక్క రోజులూ నేను చేసింది దానికోసం ఎదురుచూడటమే.

అమ్మకు ఇది తెలుసేమో. కార్తీకం రాగానే గల్లీలో అందరికీ చెప్పుకునేది, మా వాడు ఇంట్లో ఉండే దినాలు వచ్చినై అని. పదకొండో మాల ఆమె తీసింది ఈ గచ్చు మీదే. పూస నా చెవికి తట్టుకుంటే, "ఆగు బిడ్డా" అని మెల్లగా విడిపించింది. మాల పాలల్లో వేసి నా ముఖం చూసి, "గడప దాటకు ఇయ్యాల, కూర అయితుంది, తిని పండుకో" అంది. మాల తీసిన రోజు మాంసం వండటం మా ఇంట్లో అలవాటు, పొద్దుననే తెప్పించి పసుపు పట్టించి పెట్టింది. ఇప్పుడే వస్తనమ్మా అన్నాను. మరునాడు మధ్యాహ్నం వచ్చాను. కూర గంజు మీద మూత అట్లాగే ఉంది. అమ్మ ముద్ద ముట్టలేదని స్వరూప చెప్పింది, తిట్టలేదు, గంజు తీసుకెళ్లి బయట కుక్కకు పెట్టింది. కుక్క ఎముకలు కొరుకుతున్న చప్పుడు వింటూ నేను ఇదే చోట కూర్చున్నాను, తల పగిలిపోతోంది, అమ్మ లోపల మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. రెండు నెలలకు శివరాత్రి ముందు నిద్రలోనే పోయింది. ఆ గంజు ఇప్పటికీ అటక మీద ఉంది. స్వరూప తన సామాను తీసుకెళ్లినప్పుడు దాన్ని తీసుకోలేదు.

స్వరూప గొడవ పడి వెళ్లలేదు. సుజన పదో తరగతి మొదటి పరీక్ష రోజు పొద్దున నేను బండి మీద దింపుతానన్నాను. దుకాణంలో షటర్ కింద తవుడు బస్తాల మీద నిద్రపోయాను. ఆ పిల్ల ఆటో దొరక్క పరుగెత్తి గేటు మూసే ముందు చేరింది. మరునాటి నుంచి పరీక్షలకు ఉప్పుగూడ దగ్గరని వాళ్లు వెళ్లారు. పరీక్షలు అయిపోయాయి, ఇంటర్ మొదలైంది, ఉప్పుగూడే దగ్గరగా ఉంది. ఇక్కడి నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. ఈ మాల వేసుకున్న రోజు ఫోన్ చేసి చెప్పాను. మాల ఉన్నన్నాళ్లూ ఆమె నన్ను మీరు అంటుంది, తీయగానే నువ్వు. "మంచిది స్వామీ. నలభై ఒక్క దినాలు మీరు ఎట్లుంటరో నాకు ఎర్కనే. పదకొండుసార్లు సూసిన. నలభై రెండో దినం సూపెట్టుండ్రి, అప్పుడు మాట్లాడదాం" అంది. నాకు కోపం వచ్చింది. ఇప్పుడే కదా మొదలుపెట్టాను, అప్పుడే అటు చివరి మాట ఎందుకు అనిపించింది. ఆమె కాటా ఆవగింజను కూడా తూస్తుందని ఇరవయ్యో రోజుకు గానీ తెలియలేదు.

ఫోన్ మళ్లీ వణికింది. ఈసారి ఎత్తాను. "ఏడ సచ్చినవన్నా? పాయా తెప్పిచ్చిన, చల్లారుతుంది. నీ గ్లాసు ఉత్తగ కూసుంది నా ముందల" అన్నాడు అంజన్. వెనక గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వు, సీసా మూత తిరిగిన చిన్న కరకర. ఆ కరకర నా దవడ వెనక నుంచి నాలుక కిందికి దిగింది, నోట్లో నీరు ఊరింది. నలభై ఒక్క రోజుల్లో ఒక్కసారి కూడా రాని నీరు. ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ. "మాల తీయలే ఇంకా" అన్నాను. "తీస్కోని రా మరి. పోయిన ఏడు అమ్మ మైలని ఎయ్యకపోతివి, రెండేళ్లది బాకీ ఉన్నది" అని వాడు నవ్వాడు. వాడు చెడ్డవాడు కాదు. అమ్మ పాడెకు ముందు భుజం పట్టింది వాడే. పెట్టేశాను.

మాల తీయకుండా ఉండిపోతే? ఆ ఆలోచన కూడా వచ్చింది, నిన్న రైల్లోనే. ఏడాదంతా వేసుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. కానీ అది సీసా తీసేసి ఉంచడమే, ఇంకొన్ని వారాలు. ఎప్పుడో ఒక రోజు మెడ ఖాళీ అవుతుంది, ఆ రోజు నేను ఎవరో ఆ రోజే తేలుతుంది. ఆపిన రోజులు ఎక్కువైన కొద్దీ ఆ రోజు పెద్దదవుతుంది. అయితే ఎలుకకు తెలియనిది నాకు ఒకటి తెలుసు. సీసా ఏ రోజు తిరిగి వస్తుందో దానికి తెలియదు, ఎందుకు దాహం పెరిగిందో తెలియదు, పక్క పంజరంలోని దానికి చెప్పుకోలేదు. నాకు రోజు తెలుసు, గంట తెలుసు. నాలుగు రోజులు గండం, అందులో ఈ సాయంత్రం అన్నిటి కన్నా బరువు. ఇంత తెలిసిన వ్యాపారి సరుకు వరదలో పెట్టుకుని కూర్చోడు, ఎత్తు మీదికి మోయించుకుంటాడు. ఒక్కడి వల్ల కాని బస్తాకు రెండో మనిషిని పిలుస్తాడు. పన్నెండేళ్లలో నేను రెండో మనిషిని పిలవలేదు. చూపించుకోవడానికే పిలిచాను.

లేచాను. అమ్మ ఫొటో చట్రం కింద ఒక మేకు ఉంది, పాత క్యాలెండర్ తగిలించేది. దాని ముందు తల వంచి, మాల వెనక భాగాన్ని మేకుకు తగిలించి, మెల్లగా కిందికి వంగుతూ తల బయటికి తీసుకున్నాను. ఒక పూస చెవికి తట్టుకుంది. ఆగాను. విడిపించే చెయ్యి లేదు కాబట్టి నేనే విడిపించుకున్నాను. మంత్రం సగం వరకు గుర్తొచ్చింది. మాల మేకు మీద ఊగి ఆగింది. తీసి పాలల్లో వేశాను, మీగడ చిరిగి పూసలు మునిగాయి, డాలర్ ఒక్కటి పైకి కనబడుతోంది. మెడ మీద మాల ఉన్న చోట గాలి తగిలింది. నా కుడి చెయ్యి అక్కడికి వెళ్లింది, తడిమింది, ఏమీ లేదు. దించాను. మళ్లీ వెళ్లింది. ఖాళీ కంత దగ్గర వాసన చూస్తున్నాను. గడియారం చూశాను, మూడు నలభై.

స్వరూప మూడో రింగుకు ఎత్తింది. "చెప్పుండ్రి స్వామీ" అంది. "స్వామి కాదు. తీసేసిన" అన్నాను. అటు మిక్సీ చప్పుడు ఆగింది. "ఎప్పుడు?" "ఇప్పుడే. అయిదు నిమిషాలైంది." "ఎవరు తీసిండ్రు?" మేకు అని చెప్పాను. చెప్పడానికి ముందే అన్నీ సర్దుకున్నాను అనుకున్నాను గానీ మాటలు వేరేగా వచ్చాయి. "ఇయ్యాల నేను తాగుత, స్వరూపా. ఒక్కణ్ణే ఉంటే ఆరు కొట్టకముందే తాగుత. ఎక్కువ తాగుత. నలభై ఒక్క దినాలు ఆపినందుకే ఎక్కువ తాగుత. ఇదే నలభై రెండో దినం." ఎప్పుడూ ఇంత నిజమైన సరుకు ఆమె ముందు పెట్టలేదు. "నన్ను ఏం జెయ్యమంటవ్?" అంది. నువ్వు అంది. "ఏం వద్దు. నేను గక్కడికి నడిచొస్త. నాతోని మాట్లాడకున్న సరే, ఫోన్ పెట్టెయ్యకు."

తాళం వేసి గల్లీలోకి వచ్చాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది. మిక్సీ మళ్లీ తిరిగింది, ఆగింది. సుజన ఎవరని అడగడం, ఆమె ఏదో చెప్పడం వినబడ్డాయి. మలుపు దగ్గర కంకర గుచ్చుకుని అబ్బా అన్నాను. "ఏమైంది?" "రాయి." "చెప్పులేస్కోలే?" కాళ్ల వైపు చూసుకున్నాను. "మర్చిన." ఆమె ముక్కుతో చిన్నగా గాలి వదిలింది, నవ్వో కాదో తెలియదు. ముందు గుడి మెట్లు, అక్కడి నుంచి రెండు వందల అడుగులు. ఉప్పుగూడకు ఇంకో దారి ఉంది, చుట్టు దారి, గోడల మధ్య నుంచి. అప్పటికే అది దాటి వచ్చేశాను. కాళ్లు వాటికి తెలిసిన దారే పట్టాయి. అంజన్ బండి పర్మిట్ రూమ్ ముందు స్టాండ్ వేసి ఉంది, దాని అద్దానికి వాడి నల్ల కండువా ఇంకా చుట్టే ఉంది. లోపలి నుంచి వేయించిన పల్లీల వాసన. నోట్లో నీరు. మింగాను, మళ్లీ ఊరింది. నిలబడిపోయాను.

"నడుస్తలేవేంది?" అంది స్వరూప. అడుగుల చప్పుడు వింటోందని అప్పుడు తెలిసింది. "వైన్స్ ముందల ఉన్న" అన్నాను. ఆమె వద్దు అనలేదు, ఒట్టు పెట్టలేదు. అంతసేపూ అటు పక్క కుళాయి కింద గిన్నె నిండుతున్న చప్పుడు. తరువాత కుళాయి కట్టేసింది. "దాటినంక చెప్పు" అంది.

కుడి చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను. ఉప్పుగూడ వైపు కంకర మీద ఎడమ కాలు వేశాను, తరువాత కుడి కాలు.